పీపాకు కప్పిన దుప్పటి

మంచుకొండల మీద ఒక మఠం ఉండేది. అక్కడి సాధువులు తాగే బీరు వాళ్లే కాచుకునేవాళ్లు. ఆ పని కొత్తగా నేర్చుకుంటున్న బెనోకి వరసగా రెండు పీపాలు చెడాయి.

చెడాయంటే పుల్లబడలేదు. బీరుకి కమ్మటి వాసన రావాలని వేసే హాప్ పూల వాసన ఎటు పోయిందో పోయింది, అంతే. ఆ పూలు వాళ్లమ్మ నాటిన తీగవి. అమ్మ లేదు. గాలివానకి తీగా పోయింది.

వంట చూసే సాధువు ఒక గుక్క చప్పరించి, "బీరడిగితే మాగిన పళ్లరసం పోశావేం బ్రదర్?" అన్నాడు. అందరూ నవ్వారు. బెనో కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మిగిలిన పూలన్నీ వేసి మూడో పీపా కాచాడు. చల్లారాక పొద్దున్నే, పులియడానికి ఈస్ట్ కలిపాడు. సాయంత్రానికి భయం పట్టుకుని గురువు ఆల్రిక్ దగ్గరికి పరిగెత్తాడు.

"ఇవే ఆఖరి పూలు ఫాదర్. ఇదీ పోతే ఇక అమ్మ వాసన ఉండదు."

గురువు వచ్చి చూశాడు. రొట్టెల పొయ్యి పక్కన పీపా. దానికి బెనో దుప్పటి చుట్టి ఉంది. ఎండాకాలం ఇడ్లీపిండి గిన్నె దాటి పొంగినట్టు, మూత పక్కనుంచి నురగ కారుతోంది. లోపల ఒకటే గోల.

"ఈస్ట్‌కి చలేస్తే పని చెయ్యదేమోనని..."

"మరి నీకు?"

"నాదేముంది ఫాదర్."

గురువు దుప్పటి విప్పి బెనో భుజాల మీద కప్పాడు. "వెచ్చగా ఉంటే ఇది ఇలాగే గోల చేస్తుంది. ఆ గోలలో పూల వాసన కొట్టుకుపోతుంది" అన్నాడు. ఇద్దరూ కలిసి పీపాని నేలమాళిగలోకి దొర్లించారు. అక్కడి రాళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి.

పీపా గోల ఆగిపోయింది. మర్నాడూ సడి లేదు. ఈస్ట్ చచ్చిపోయిందనుకుని బెనో దుప్పటి పట్టుకుని మెట్లు దిగబోయాడు. మెట్టు మీద గురువు కూర్చుని ఉన్నాడు. కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. బెనో కూర్చున్నాడు.

చాలాసేపటికి, టప్... మళ్లీ ఇంకాసేపటికి, టప్.

"గొణుగుతోంది ఫాదర్!"

"ఉష్. గొణగనీ."

నెల దాటాక పీపా తెరిచారు. వంటసాధువు ఒక గుక్క తాగి, హాస్యం మర్చిపోయి, కప్పు మళ్లీ చాపాడు. బెనో మాత్రం తాగలేదు. కప్పు ముక్కు దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.

గురువు మెల్లిగా అడిగాడు. "మీ అమ్మది చిన్న గొంతా నాయనా?"

బెనో తలూపాడు. "ఎప్పుడూ కేకెయ్యలేదు ఫాదర్."