ఇన్‌స్పెక్టరుగారి ఒరుగులు

"స్వామీ, ఉద్యోగం అయిపోయింది. ఇక నేనెందుకు?"

పట్టాభిరామయ్య ఈ ప్రశ్న అడగని పూట లేదు, పెద్దస్వామి జవాబు చెప్పిన పూటా లేదు. పూలు కోస్తున్నప్పుడు అడిగితే, "ఆ కొమ్మ కాస్త వంచు నాయనా" అనేవారు. భోజనాల దగ్గర అడిగితే, "మజ్జిగ పోయించుకున్నావా?" అనేవారు. ఇదేం గురుత్వమో, ఇదేం ఖర్మో అని శిష్యుడు పళ్ళు నూరుకునేవాడు.

పట్టాభిరామయ్య అంటే ఎవరనుకున్నారు! మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఆయన వీధి మలుపు తిరిగాడంటే చాలు, హోటళ్ళవాళ్ళు తోమిన గిన్నెలే మళ్ళీ తోమించేవాళ్ళు. రిటైరయ్యాక తనిఖీకి సొంత వంటిల్లు ఒక్కటే మిగిలింది. పోపులడబ్బా మూత తీసి వాసన చూడ్డం మొదలెట్టేసరికి వాళ్ళావిడ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. "మీకో పని దొరికేదాకా ఆ గోదావరి ఒడ్డు ఆశ్రమంలో ఉండండి. నాకు కాస్త ఊపిరాడాలి" అని సంచి సర్ది చేతికిచ్చింది. కాబట్టి ఆయనది వేదాంత ప్రశ్న కాదు, పాపం. జవాబు లేకుండా ఇంటికెళ్ళే మొహం లేదాయనకి.

మరి ఆశ్రమంలోనైనా ఊరుకున్నాడా? నీళ్ళ కుండల్లోకి తొంగిచూశాడు. వడ్డించేవాళ్ళ గోళ్ళు చూశాడు. వంటశాల చూసుకునే మాణిక్యాంబగారికి చీపురు ఎలా పట్టుకోవాలో నేర్పబోయాడు. స్వామివారి మొహం చూసి ఆవిడ ఓర్చుకుంది.

ఆవకాయ పెట్టే రోజు వచ్చింది. వచ్చేపోయేవాళ్ళందరికీ ఏడాది పొడుగునా ఆ జాడీలే ఆధారం. ఆడవాళ్ళు కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి తీసి, ఉతికిన పాతపంచె మీద పరిచి ఫలహారానికి లేచారు. సరిగ్గా అప్పుడు వచ్చాడు మన ఇన్‌స్పెక్టరు. ముక్కల మీద ఈగ, కింద పాతపంచె! ఆయనకి ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆవకాయ తింటున్నవాడే గాని, పెడుతుంటే ఒక్కనాడూ కూర్చుని చూసినవాడు కాడు. ముక్కలన్నీ గంపలకెత్తి, తనే నూతి దగ్గరికి మోసుకెళ్ళి, నీళ్ళు తోడి తోడి ఒళ్ళు వంచి కడిగాడు. రిటైరయ్యాక అంత హాయి ఆయన ఎరగడు.

మాణిక్యాంబగారు వచ్చి, నీళ్ళోడుతున్న గంపలు చూసి చతికిలబడింది. ఆవిడ కేకలకి ఆశ్రమం దద్దరిల్లింది, పెద్దస్వామి కూడా నూతి దగ్గరికి వచ్చారు.

"అయ్యో అయ్యో! తడి తగిలిన ముక్కతో ఆవకాయేమిటండీ, బూజు పట్టి చావదూ? స్వామీ, ఈ మహానుభావుడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి! సాయంత్రం బస్సెక్కించండి ఆయన్ని. ఆ ముక్కలు తీసుకెళ్ళి పశువులకి పడెయ్యండి!"

పెద్దస్వామి తప్పనలేదు, ఒప్పనలేదు. శిష్యుడి వైపు చూసి ఊరుకున్నారు. పట్టాభిరామయ్యకి అదీ మంటే. నాలుగు తిట్లు తిట్టొచ్చుగా! అంతలో సాయంత్రం బస్సు గుర్తొచ్చింది. గుమ్మంలో నిలబడి, "అప్పుడే వచ్చేశారా?" అనే భార్య మొహం గుర్తొచ్చింది.

"అమ్మా," అన్నాడు, ఎన్నడూ లేనంతగా గొంతు తగ్గించి. "మా అమ్మ మామిడి ఒరుగులు పెట్టేది. ఇవి ఉప్పు రాసి ఎండబెడితే పప్పులోకి పనికిరావా?"

"ఎందుకు పనికిరావూ? టెంక తియ్యాలి, సన్నగా తరగాలి, పొద్దస్తమానం డాబా మీద కూర్చుని తిరగెయ్యాలి. కాకుల్ని తోలాలి, కోతుల్ని తోలాలి. ఈ రోహిణి ఎండలో ఎవరు కూర్చుంటారండీ? నాకింకేం పని లేదనుకున్నారా?"

"నేను కూర్చుంటాను."

ఆవిడ నమ్మలేదు. "ఇవి పాడయ్యాయో, ఆ పూటే బస్సు!" అని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

"ఆయనకో గొడుగివ్వండి" అన్నారు స్వామి.

తరగడంలో పట్టాభిరామయ్య వేలు తెగింది. తెగిన వేలికి ఉప్పు తగిలి ప్రాణం పోయినంత పనైంది. కోతులు ఆయన్ని ఇన్‌స్పెక్టరని లెక్కచెయ్యలేదు. కాకులు అంతకన్నా లెక్కచెయ్యలేదు. వాటినీ, ఎండనీ, తననీ కలిపి తిట్టుకుంటూ చాప నుంచి చాపకి తిరిగాడు. భోజనానికి పిలిస్తే, "పైకే పంపండి, ఇక్కడ కదలడానికి లేదు!" అని కేకేశాడు. కుండల్లోకి తొంగిచూసేవాళ్ళు లేక వంటశాల తెరిపిన పడింది. పూల దగ్గర ప్రశ్న వినపడలేదు, మజ్జిగ దగ్గరా వినపడలేదు.

స్వామికే తోచలేదో ఏమో, ఓ మధ్యాహ్నం మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కి డాబా మీదికి వచ్చారు. చాప పక్కన నిలబడి ఆయాసం తీర్చుకుని, "పట్టాభీ, నీ ప్రశ్న..." అని మొదలెట్టారు.

పట్టాభిరామయ్య తలెత్తలేదు. "అబ్బబ్బా, కాస్త పక్కకి జరగండి స్వామీ! మీ నీడ ముక్కల మీద పడుతోంది. అసలే మబ్బు పట్టేట్టుంది, ఈ చాప ఇంకా ఆరి చావలేదు!"

స్వామి బుద్ధిగా పక్కకి జరిగారు. మళ్ళీ గోడ పట్టుకుని మెట్ల వైపు తిరిగారు.

"జవాబు చెబుదామని ఇన్ని మెట్లెక్కి వచ్చాను," అన్నారు. "అడ్డమయ్యానన్నమాట."