వీపు చేసే పని

దాలయ్యకి తన ఒంటి మీద చిన్నచూపు. ఆశ్రమంలో చేరి రెండేళ్లయినా తలకి నూనె రాసుకోడు, చలికాలంలో దుప్పటి కప్పుకోడు. "తోలుసంచికి ఇన్ని సేవలెందుకమ్మా?" అని గురువుగారు అచ్చియ్యమ్మ గారినే అడిగేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేవారు. మా తాతమ్మ మంగాయమ్మ అక్కడ వంట చేసేది. ఇదంతా ఆవిడ కళ్లారా చూసిందే.

ఆ మాఘమాసంలో పక్క తోటలో బెల్లం వండుతుంటే పెనం ఒరిగి, మరుగుతున్న పాకం అక్కడి కూలీ గంగునాయుడి వీపంతా పడింది. చాలాసేపు చన్నీళ్లు పోసి, ఆశ్రమం అరుగు మీదకి తెచ్చి బోర్లా పడుకోబెట్టారు.

పట్నం నుంచి డాక్టరు వచ్చి మందు వేశాడు. బండి కుదుపుకి తట్టుకోడు, ఇక్కడే ఉంచండి అన్నాడు. "తోలు పోయింది. ఒంట్లో నీరు నిలవదు, వేడి నిలవదు. ఈగ వాలినా, దుమ్ము పడినా ప్రాణం మీదకొస్తుంది."

అచ్చియ్యమ్మ గారు దాలయ్య వైపు చూశారు. "ఈ సంచిని నువ్వు చూసుకో నాయనా."

"ఇంతేనా అమ్మా!" అన్నాడతను.

మిట్టమధ్యాహ్నం వేళ గంగునాయుడు గజగజ వణికాడు. దాలయ్య కుంపటి తెచ్చాడు. బూడిద ఎగురుతుందని మళ్లీ దూరం జరిపాడు. వీపు మీద పరిచిన గుడ్డ కాసేపట్లోనే నీరు ఊరి తడిసిపోయింది. మరిగించి ఆరేసిన గుడ్డ మార్చాలి. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పట్టాలి. విసనకర్రతో ఈగల్ని తోలితే, ఆ గాలికి మళ్లీ వణుకు.

"మంగాయమ్మక్కా, నాకు రెండే చేతులు! కాస్త రా!"

"సంచే కదయ్యా, మూతి కట్టెయ్యకపోయావా!" అంటూనే మా తాతమ్మ పరుగెత్తింది.

చివరికి ఆరుగురు వంతులేసుకున్నారు. అయినా రెండోరోజు గంగునాయుడికి ఒళ్లు పేలిపోయే జ్వరం వచ్చింది. మూడోరోజు మాట పడిపోయింది. దాలయ్య చెంచా వదల్లేదు.

ఐదోనాటి పొద్దున గంగునాయుడు కళ్లు తెరిచి, "గంజి ఉందా?" అన్నాడు.

అచ్చియ్యమ్మ గారు అరుగు దగ్గరికి వచ్చారు. "ఆరుగురూ ఏం చేశారు నాయనా?"

"వీపు చేసే పని చేశామమ్మా. అదీ సరిగ్గా చేతకాలేదు."

"మరి ఆ వీపు ఇన్నేళ్లూ ఎవర్ని సాయం పిలిచింది?"

దాలయ్య స్నానానికని నూతి దగ్గరికి వెళ్లి, చేదతో నీళ్లు తోడి ముంజేతి మీద పోసుకున్నాడు. నీళ్లు బొట్లుబొట్లుగా జారిపోయాయి. ఒక్క చుక్కా లోపలికి ఇంకలేదు.

మళ్లీ పోసుకున్నాడు. స్నానం సంగతి మర్చిపోయి, ఆ చేతినే చూస్తూ చాలాసేపు నిలబడిపోయాడు.