చేదెక్కిన పీపా

హైమవతిగారి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాళ్ళకి ముందు పని దొరుకుతుంది, తర్వాతే జవాబు. ఏ కాలంలో వెళ్ళినా ఒక చేట చింతపండు సిద్ధంగా ఉంటుంది. గింజలు తీయాలి. వ్యవసాయ కళాశాలలో ద్రాక్ష తెగుళ్ళ గురించి పాఠాలు చెప్పి, రిటైరై బాపట్లలో స్థిరపడిన ఈవిడకి శిష్యురాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరైనా పాదాలు ముట్టుకోబోతే కాళ్ళు వెనక్కి లాక్కుంటారు. గురువులంటే నాకున్న అనుమానం ఈవిడ దగ్గర కొంచెం తగ్గడానికి అదొక కారణం.

మొన్న తొలకరిలో ఇందుమతి వచ్చింది. హైస్కూల్లో సైన్సు టీచరు, ఆవిడ పాత విద్యార్థిని. కూర్చోకముందే అడిగింది.

"మేడం, చెయ్యని తప్పు చెయ్యలేదని ఎలా నిరూపించుకోవాలి?"

సంగతేమిటంటే, వాళ్ళింట్లో పెద్ద జాడీ ఆవకాయకి బూజు పట్టింది. కోడలు బయట ఉన్న రోజుల్లో జాడీ ముట్టుకుందని అత్తగారు తేల్చేసింది. ఎన్నడూ లేనిది ఈ ఏడే ఎందుకు పట్టిందన్నది ఆవిడ వాదన. ఆదివారం ఇందుమతి అందరి ముందూ కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలి. లేకపోతే ఇక వంటింటి గడప తొక్కకూడదు. "ఆర్పేస్తే పోయేదానికి గొడవెందుకు" అని మొగుడుగారి సలహా.

"నేను ముట్టుకోలేదు మేడం. మీ మీద ఒట్టు."

"ముట్టుకున్నావా అని నేను అడిగానా?" అంటూ హైమవతిగారు చేట ముందుకు తోశారు.

ఇందుమతి అనుమానంగా చూసింది. అడగలేదంటే నమ్మినట్టా, అడిగేదేముందిలే అనుకున్నట్టా? తేల్చుకోలేక చింతపండు మీద చెయ్యి వేసింది. అప్పుడు హైమవతిగారు మొదలుపెట్టారు.

ఉద్యోగంలో ఉండగా ఆవిడ కోతకొచ్చిన ద్రాక్షకి పట్టే బూజు గురించి తెలుసుకోవడానికి ఇటలీ వెళ్ళారు. వెరోనా నగరానికి పైన కొండల్లో ఒక రైతు ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నారు. ఆ ఇంటి ముసలమ్మ పేరు ఓర్నెల్లా. ఇది ఆ ముసలమ్మ కొత్తకోడలిగా ఉన్నప్పటి సంగతి.

ఆ కొండల్లో పేరుపడ్డ ఎర్ర వైన్ అప్పుడే కోసిన పండుతో చెయ్యరు. వడిలిన పండుతో చేస్తారు. వానాకాలం చివర గుత్తులు కోసి, గాలి ఆడేలా వదులుగా ఉన్నవాటిని ఏరి, అటక మీద వెదురు తడకల మీద ఒక్క వరసగా పరుస్తారు. ఒక గుత్తి మీద ఇంకో గుత్తి పడకూడదు. పొడిగాలి వీస్తే కిటికీలు తెరవాలి, మంచు కమ్మితే మూసెయ్యాలి. అలా నడిచలికాలం దాకా పండు ఎండుతుంది. నీరంతా పోయి తీపి మిగులుతుంది. ఈలోగా ప్రతి గుత్తినీ అనుమానించాలి. పైకి నిగనిగలాడే గుత్తి నడుమ ఒక్క పండు కుళ్ళినా చాలు, తడకంతా పోతుంది.

ఆ అనుమానించే పని ఆడవాళ్ళది. ఓర్నెల్లా అటకెక్కిందంటే మునివేళ్ళతోనే కుళ్ళు పట్టేసేది. అత్తింట్లో తనది అనిపించిన చోటు ఆమెకి ఆ అటక ఒక్కటే. కానీ పండు తొక్కి రసాన్ని పీపాలకెత్తాక ఆడవాళ్ళ పని అయిపోతుంది. పీపాలుండే నేలమాళిగ మామగారు బెప్పిది. దాని తాళంచెవి మాత్రం అత్తగారు ఇర్మా నడుముకి వేలాడేది. కారణం, బయట ఉన్న ఆడది ఆ మెట్లు దిగితే వైన్ విరిగిపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం.

"అక్కడ కూడానా!" అంది ఇందుమతి.

"విమానమెక్కి అంత దూరం పోయానా, ఇది నాకంటే ముందే దిగి కూర్చుంది."

పీపాలో రసం పులుస్తూ ఉంటే తీపి తగ్గుతూ వస్తుంది. ఇంకా తీపి ఉండగానే రుచి చూసి, రసాన్ని మడ్డి నుంచి వేరుచేసి వేరే పీపాకి మార్చాలి. అప్పుడు చలికి పులియడం ఆగి తియ్యటి వైన్ నిలుస్తుంది. ఆ ఏడు చలి అంతగా పడలేదు. పైగా బెప్పికి మోకాలు పట్టేసి మెట్లు దిగడం మానేశాడు. మూల ఉన్న పెద్ద పీపా అలాగే ఉండిపోయింది. వసంతం వచ్చాక రుచి చూస్తే, తీపి చుక్క లేదు. చేదు.

మోకాలి సంగతి గానీ, తాళంచెవి ఎవరి నడుముకుందో గానీ ఎవరికీ గుర్తు రాలేదు. పీపా పక్కన ఒక తలపిన్ను దొరికింది, అది మాత్రం అందరికీ కనబడింది. ఇర్మా వెనకటి చలికాలమంతా తలుచుకుని, దండెం మీద కోడలి గుడ్డలు ఎప్పుడెప్పుడు ఆరాయో లెక్కగట్టింది. ఏ లెక్కకైనా కావలసిన జవాబు ముందే ఉంటే లెక్క కుదరడం ఎంతసేపు?

"నువ్వే దిగావు" అన్నారు. ఓర్నెల్లా మాట్లాడలేదు. చర్చికి తీసుకెళ్ళి శిలువ ముట్టుకుని ప్రమాణం చెయ్యమన్నారు. చెయ్యి చాచలేదు. దిగాననీ అనలేదు, దిగలేదనీ అనలేదు. దాంతో అనుమానం రూఢి అయిపోయింది. ఆమెని పుట్టింటికి పంపెయ్యాలని, ఇక అటక కూడా ఎక్కనివ్వకూడదని తీర్మానించారు. మొగుడు ఆ పూట తోటలో చాలా పని ఉందని వెళ్ళిపోయాడు.

ఆమె మూట కట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి వెరోనా నుంచి ఏటా తియ్యటి వైన్ కొనే వర్తకుడు వచ్చి ఉన్నాడు. బెప్పి తల పట్టుకుని, "పోయిందయ్యా, పీపా అంతా పోయింది. అదిగో, ఆ మహాతల్లి చలవ" అని గుమ్మం వైపు చూపించాడు. వర్తకుడికి వైన్ మీద కన్నా మనుషుల మాటల మీద అనుమానం ఎక్కువ. గ్లాసు తెమ్మన్నాడు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తాగాడు.

"ఇంత చేదు నేనెప్పుడూ ఇంత ఇష్టంగా తాగలేదు. ఎవరు చేశారిది?"

బెప్పి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఎవరు చేస్తారు? నేనే. మా తాతల నాటి పద్ధతి."

"అయితే వచ్చే ఏడు కూడా నాకు ఇదే కావాలి."

అప్పుడు ఓర్నెల్లా నోరు విప్పింది.

"మామగారూ, అలాగైతే ఆ రోజులు చూసుకుని నన్నే కిందికి పంపాలి మరి. నేను ముట్టుకుంటేనే కదా ఇది ఇలా అయింది. ఊరంతా చెప్పుకొచ్చారు."

వర్తకుడు గ్లాసు కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముట్టుకోవడం వల్ల కాదంటే నింద అబద్ధం. ముట్టుకోవడం వల్లే అంటే వైన్ కోడలిది. రెండూ బెప్పికి గొంతు దిగలేదు. ఇర్మా మొగుడి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నడుముకున్న తాళంచెవి విప్పి కోడలి మూట మీద పడేసింది.

"మెట్లు జారుడుగా ఉంటాయి, చూసి దిగు" అంది. ఆ ఇంట్లో ఎవరైనా చెప్పిన క్షమాపణ అదొక్కటే.

హైమవతిగారు ఆగారు. ఇందుమతి గింజలు తీసిన చింతపండు ఒక పక్కకి చేరుస్తూ పెదవి విరిచింది.

"బాగానే ఉంది మేడం. నాది బూజు పట్టిన ఆవకాయ. దాన్ని చప్పరించి భేషనే వర్తకుడు మా వీధిలోకి రాడు."

"రాడు. ఆవిడ మూట కట్టుకున్నప్పుడు మాత్రం వస్తాడని తెలుసా?"

ఇందుమతి మిగిలిన చింతపండు ముందుకు లాక్కుంది. చేట ఖాళీ అయింది. లేచి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"ఆదివారం కర్పూరం వాళ్ళనే ఆర్పుకోమంటాను. నేను ముట్టుకున్నానని వాళ్ళు చేస్తారేమో ప్రమాణం, చూద్దాం" అంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. గుమ్మం దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగి, కొంచెం గొంతు తగ్గించింది.

"ఇంతకీ మేడం, ఆవిడ నిజంగా ఆ రోజుల్లో దిగిందంటారా?"

హైమవతిగారు ఇందుమతి శుభ్రం చేసిన కుప్పలోంచి ఒక చింతపండు ముద్ద తీసి, రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూశారు.

"ఇందులో ఒక గింజ ఉండిపోయిందే" అన్నారు.