నూకరత్నం బిగించిన గాజు

నూకరత్నం తీసిన వీడియోలో సముద్రం అడుగంతా మంచు కమ్మినట్టు మసకగా వచ్చింది. ఒడ్డున తీస్తే అదే కెమెరాలో పీత కాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. నీళ్లలో దిగితే ఏది రాయో, ఏది వలో తెలియలేదు.

తెలియకపోతే కుదరదు. తుఫానులో తెగిపోయిన పెద్ద వల ఒకటి ఊరి ఎదుటి సముద్రంలో, ఏడు బారల లోతున, రాళ్లకు చుట్టుకుని ఉంది. తాబేళ్లు అందులో చిక్కి చచ్చిపోతున్నాయి. దాన్ని కోసి తీయడానికి ఊళ్లో నలుగురు ఈతగాళ్లు సిద్ధంగానే ఉన్నారు. కానీ వల ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులుగా ఉందో చూడకుండా దిగితే మనిషికీ తాబేలు గతే.

ఆమెకు ఈత నేర్పిన గురువు ఎల్లాజీ ఆ తీరంలో పేరుమోసిన గజ ఈతగాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయన దగ్గరికే వెళ్లి మొరపెట్టుకుంది.

“కెమెరా మంచిదే గురువుగారూ. నీళ్లలోకెళ్తేనే ఏటో అయిపోతోంది.”

ఎల్లాజీ పెట్టె తెరిచాడు. మునిగేటప్పుడు తను కళ్లకు పెట్టుకునే అద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ గాజు పలకలా చదునుగా ఉంది. కెమెరా నీళ్లలో తడవకుండా పెట్టే కేసుకు మాత్రం ముందు గాజు బుడగలా ఉబ్బి ఉంది. మసకకు కారణం ఆ ఉబ్బే.

వారం రోజులు కూర్చుంది. ఉబ్బు గాజు కోసి తీసేసింది. దాని చోట చదును గాజు బిళ్ల అతికించి, చుట్టూ రబ్బరు వేసి, నాలుగు స్క్రూలు బిగించింది. తొట్టిలో ముంచి తీసిన వీడియో ఎల్లాజీకి చూపించింది. తొట్టి అడుగున పాచి పోగులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి.

“బాగుంది,” అన్నాడాయన. “ఏడు బారల్లో కారదంటావా?”

“కారదు గురువుగారూ. నాది పూచీ.”

ఆయన లోపలికి వెళ్లి మడత కాగితం ఒకటి తెచ్చాడు. సముద్రంలో ఏ రాయి ఎక్కడుందో ఆయన గురువు సిరాతో రాసిచ్చిన కాగితం అది. దానికి నకలు లేదు.

“కెమెరా తరవాత. ముందు దీన్ని ఆ కేసులో పెట్టుకుని దిగు.”

“అమ్మో, ఇదా! తడిస్తే?”

“కారదన్నావు కదమ్మా.”

నూకరత్నం కాగితం కేసులో పెట్టింది. పడవ దాకా నడిచింది. ఒక కాలు ఎత్తి పడవలో వేసి, ఆగిపోయింది. రెండో కాలు కదల్లేదు.

వెనక్కి వచ్చి ఇసుకలో కూర్చుని స్క్రూలు విప్పింది. రబ్బరు కింద తన తలవెంట్రుక ఒకటి అడ్డంగా పడి ఉంది. మూలన జిగురులో ఆవగింజంత బుడగ.

కాగితం తీసి గురువుకు ఇచ్చేసింది. ఆయన దాన్ని మళ్లీ మడిచి పెట్టుకున్నాడు.

ఆ జిగురంతా గీకి మళ్లీ వేసింది. రబ్బరు కడిగి, కళ్లు మూసుకుని వేలికొసతో చుట్టూ తడిమి చూసుకుంది. ఖాళీ కేసుకు రాయి కట్టి, పడవ మీద నుంచి ఏడు బారల లోతుకు దింపి, పూటంతా ఉంచింది. పొడిగానే వచ్చింది. మర్నాడు మళ్లీ దింపింది. ఆ మర్నాడు ఇంకోసారి.

నాలుగో రోజు కెమెరా పెట్టుకుని దిగింది.

సాయంత్రం ఎల్లాజీ ఇంటి ముందు ఈతగాళ్లు నలుగురూ ఆమె చుట్టూ మూగారు. వీడియోలో వల ప్రతి ముడీ కనిపిస్తోంది. ఉత్తరం వైపు అంచు రాతికి తగలకుండా వదులుగా ఊగుతోంది. దాని పక్కనే చిక్కుకున్న చిన్న తాబేలు ఒకటి, ఇంకా కాళ్లాడిస్తోంది.

“ఇదిగో, ఇక్కడ కోస్తే మొత్తం ఊడొచ్చేస్తది!” అన్నాడు ఒకడు. మరొకడు కేసును అటూ ఇటూ తిప్పి చూశాడు. “కారదని అంత ధీమా ఎలాగొచ్చింది రత్నం?”

“ధీమా ఎక్కడిది అన్నయ్యా? దింపిన ప్రతిసారీ కారుద్దేమో అనే అనుకున్నాను.”

అరుగు మీద నుంచి ఎల్లాజీ లేచాడు.

“ఇప్పుడు చీకటి. పొద్దున్నే ముందు రత్నం దిగుద్ది,” అన్నాడు. “మీరు దాని వెనకాల దిగండి.”