గడ్డి దూడ

అనగనగనగా, ఇంటికి పది పాలకుండలున్న ఒక గొల్లపల్లెలో నాంచారి అని ఒక కోడలు ఉండేది. పొద్దున మీరడిగిన నాంచారి కాదర్రా, ఆవిడ పూలమ్మే నాంచారి. ఈవిడ వేరే. ఈవిడ మహా తెలివైంది. తెలివైందని ఊరంతా అనేవాళ్ళు, ఊరు అనకపోతే తనే అనుకునేది.

ఆ ఇంట్లో ముగ్గురే ఆడప్రాణులు. నాంచారి, అత్త గురవమ్మ, చుక్క. చుక్క అంటే ఆవు. నుదుటి మీద తెల్లగా చుక్క ఉండేది, అందుకని చుక్క. నాంచారి మొగుడు మందతో పాటు అడవిగట్టుకి పోయేవాడు, వాడి సంగతి మనకొద్దు. ఆ రాజ్యమేలే రాజుకి లేక లేక ఒక కొడుకు పుట్టాడు. వాడికి ఏ పాలు పట్టినా కక్కేవాడు, చుక్క పాలు మాత్రం ఇముడ్చుకునేవాడు. అందుకని రోజూ తెల్లారేసరికి చెంబుడు పాలు కోటకి వెళ్ళాలి, ఒక్కరోజు వెళ్ళకపోయినా మంద మొత్తం తోలుకుపోతానన్నాడు రాజు. ఆవు చేపితే పాలు, పాలు పోస్తే పిల్లాడు, పిల్లాడు నవ్వితే రాజు, రాజు నవ్వితే మంద. చేపడమంటే తెలుసుగా? దూడని చూడగానే ఆవుకి పాలు పొదుగులోకి దిగడం. దూడ లేకపోతే నువ్వు ఎంత పిండినా చుక్క రాలదు.

ఊ కొడుతున్నారా? సరే.

ఒకనాడు పొద్దున పాలు కోటకి వెళ్ళాక చుక్క దూడ చచ్చిపోయింది. పురుగు ముట్టిందో ఏమో. ఆవు అరుస్తూనే ఉంది, పొదుగు ఎండిపోయింది. గురవమ్మ అంది కదా, పక్కింట్లో తల్లిలేని దూడ కుడితి తాగి బతుకుతోంది, దాన్ని చుక్కకి అలవాటు చేద్దామే, పదిరోజులు పడుతుంది, రాజుగారి కాళ్ళు పట్టుకుందాం అని. నాంచారి లెక్కలు కట్టింది. పదిరోజులు ఆగాలి. ఆగినా ఆ దూడ సగం పాలు తాగేస్తుంది.

అందుకని ఏం చేసిందంటే, చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆ పగలంతా ఎండబెట్టి, లోపల వరిగడ్డి కుక్కి, దబ్బనంతో కుట్టేసింది. కాళ్ళకి నాలుగు కర్రలు. తెచ్చి ఆవు ముందు నిలబెట్టింది. చుక్క వాసన చూసింది. ఇంకోసారి చూసింది. నాకడం మొదలుపెట్టింది. నాకుతూ నాకుతూ చేపేసింది. నాంచారి చెంబు నిండింది.

గడ్డి దూడ తాగదు, గడ్డి దూడ తన్నదు, గడ్డి దూడ అరవదు, గడ్డి దూడ అడగదు. పాలన్నీ మనకే. నాంచారికి నవ్వాగలేదు. గడ్డికీ బిడ్డకీ తేడా తెలీని మొద్దు అని వీధిలో పోయేవాళ్ళందరినీ పిలిచి చూపించేది. వాళ్ళూ నవ్వేవాళ్ళు. గురవమ్మ మాత్రం నవ్వేది కాదు. పాలు పితికేటప్పుడు ఆ పక్కకే వచ్చేది కాదు.

ఇలా ఆరునెలలు గడిచాయి. ఈలోగా నాంచారి కూడా ఒక ఆడపిల్లని కంది. చూశారా, చెప్పడం మర్చిపోయాను, ముందే కడుపుతో ఉంది. పిల్లకి మూడోనెల వచ్చేసరికి రాజుగారి నుంచి కబురు. ఆవుని బోల్తా కొట్టించిన కోడలిని చూడాలట. పిల్లని అత్త చేతిలో పెట్టి, పెళ్ళినాటి చీర కట్టుకుని, కోటకెళ్ళింది.

నిండు సభలో నిలబడి చెప్పిందర్రా. ఆవు ఎలా మూతి చాపిందో, ఎలా నాలిక ఆడించిందో, అంతా చేసి మరీ చూపించింది. సభంతా కడుపు పట్టుకుని నవ్వింది. అక్కడ బుడ్డయ్య అని ఒక ముసలాయన, బారెడు గడ్డం, జంతువుల గొంతులూ మనుషుల గొంతులూ చెయ్యడంలో దిట్ట. కథకి తోడుగా ఆయన ఆవులా అరిచాడు, దూడలా అరిచాడు. ఇంకా నవ్వారు. ఆ హుషారులో ఆకలేసిన చంటిపిల్ల ఏడుపు ఏడ్చాడు.

అంతే. నాంచారికి పాలు చేపుకొచ్చాయి.

ఎదురుగా గడ్డమున్న ముసలాడు. కళ్ళారా చూస్తోంది. తన పిల్ల ఇంటి దగ్గర కడుపునిండా తాగి పడుకుందని తెలుసు. ఇది ఏడుపు కాదు, ఆట అని తెలుసు. అన్నీ తెలుసు. అయినా రవిక తడిసిపోయింది, పెళ్ళినాటి చీర తడిసిపోయింది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. సభ మళ్ళీ నవ్వింది. రాజు కూడా నవ్వాడు.

బుడ్డయ్య నవ్వలేదు. గబగబా వచ్చి తన కండువా తీసి ఆమె మీద కప్పాడు. "తప్పయిపోయింది తల్లీ, నేను ఆడుకోకూడని దానితో ఆడుకున్నాను" అన్నాడు.

ఊ కొట్టండర్రా. కొట్టకపోయినా పర్లేదులే, చెప్పేస్తాను. మీ అమ్మ చంటిపిల్లప్పుడు, ఏడవగానే ఎత్తుకుంటే అలుసైపోతుంది, అలవాటు మానిపించు అన్నారు పెద్దవాళ్ళు. నా చేతులు ఉయ్యాల దాకా వెళ్ళేవి. వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకునేదాన్ని. మంచి కోడలంటే అలా ఉండాలనుకున్నాను. అది ఏడ్చీ ఏడ్చీ ఊరుకునేది. అది ఊరుకున్న చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. సరే, కథ.

నాంచారి ఇంటికొచ్చింది. రాజేమిచ్చాడే అని అత్త అడుగుతుండగానే పిల్లకి పాలిచ్చి, గొడ్లచావిట్లోకి వెళ్ళింది. ఆరునెలల్లో ఏనాడూ సరిగ్గా చూడని గడ్డి దూడని అప్పుడు చూసింది. నాకి నాకి మెడ మీద వెంట్రుకన్నది లేదు. పొట్ట దగ్గర కుట్టు విడిపోయి గడ్డి బయటికొచ్చింది. చుక్క తన ముందున్న గడ్డంతా తినేసింది, ఇంకా ఆకలిగానే ఉంది. కానీ దూడ పొట్టలోంచి వేలాడుతున్న గడ్డిలో ఒక్క పరక ముట్టలేదు.

నాంచారి ఆవు మెడ మీద చెయ్యి వేసింది. "ఇది గడ్డేనని నీకూ తెలుసు కదే చుక్కా" అంది. "మొదటిరోజు నుంచీ తెలుసు."

ఆవు ఏం చెబుతుంది? ఆమె చెయ్యి కూడా నాకింది.

ఆ సాయంత్రమే గడ్డి దూడని తీసేసింది. ఆవు చేపలేదు. చేపకపోతే పాలు లేవు, పాలు లేకపోతే పిల్లాడు నవ్వడు, పిల్లాడు నవ్వకపోతే రాజు ఊరుకోడు, రాజు ఊరుకోకపోతే మంద మిగలదు. అడవిగట్టు నుంచి వచ్చిన మొగుడు లబోదిబోమన్నాడు. గురవమ్మ మాత్రం కోడలి తల నిమిరి, పద, నేనూ వస్తాను అంది.

ఇద్దరూ అదే సభకెళ్ళారు. నాంచారి అదే చోట నిలబడింది. తాను చేసింది తెలివి కాదనీ, పది రోజులు గడువిస్తే పక్కింటి తల్లిలేని దూడని బిడ్డలేని తల్లికి కలుపుతాననీ, అప్పుడు సగం పాలు రాజుగారికీ సగం దూడకీ అనీ చెప్పింది. గడువివ్వకపోతే మందని తోలుకుపొమ్మంది. రాజు తన కాళ్ళవంక చూసుకున్నాడు. ఆనాడు తనూ నవ్వానని గుర్తొచ్చినట్టుంది. పదిరోజులు ఎలాగోలా మేకపాలే కొంచెం కొంచెంగా పడతామన్నాడు.

పాత తోలు విప్పి, గడ్డి తీసేసి, కుడితితో ఎదగక అలాగే ఉండిపోయిన ఆ బక్క దూడ వీపున కప్పారు. చుక్క వాసన చూసింది, తన్నింది, మళ్ళీ వాసన చూసింది. నాలుగో రోజు నాకింది. పదో రోజు తోలు తీసేసినా దూడని పొమ్మనలేదు. దూడ తాగింది, తన్నింది, అరిచింది, ఇంకా కావాలని అడిగింది. మిగిలిన సగం చెంబుతో రాజుగారి కొడుకు బొద్దుగా పెరిగాడు. మంద మందగానే ఉంది. అందరూ సుఖంగానే ఉన్నారు.

నాంచారి కూడా సుఖంగానే ఉంది. కాకపోతే, చుక్క రోజూ దూడకి పాలిచ్చాక, ఆ గడ్డి దూడ నిలబడిన మూలకి వెళ్ళి నేలని ఒకసారి వాసన చూసొచ్చేది. బతికినన్నాళ్ళూ చూసింది. అది చూసినప్పుడల్లా నాంచారి చేస్తున్న పని ఆపి, తల దించుకుని నిలబడేది.

అంచేత, ఒంటికి తెలిసిన దాన్ని చూసి ఎప్పుడూ నవ్వకండి. ఇంకొకరిదైనా, మీదైనా. ఇదిగో, చిన్నది నిద్రలో మూలిగింది, నేననుకోకముందే నా చెయ్యి దాని వీపు మీదికి వెళ్ళిపోయింది. ఈసారి వెనక్కి తియ్యనులే.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి.