తలవంచిన బొమ్మ

అనగా అనగా, నేల తక్కువా నీళ్లెక్కువా ఉన్న చోట ఒక దీవి. ఆ దీవికో రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు.

ఆ దీవిలో రాజు కడుపున పుడితే సరిపోదు, మెట్లెక్కాలి. మెట్టంటే రాతిమెట్టు కాదు, పరువులో మెట్టు. ఎక్కేవాడు తాడిలా నిలువునా ఎదిగే ఫెర్న్ చెట్టు మొద్దు తెచ్చి, నిలువెత్తు బొమ్మ చెక్కి, ఆటల బయలులో నిలబెట్టాలి. కోర చుట్టతిరిగిన పందిని బలివ్వాలి. అన్నిటికంటే ముందు బొమ్మకు ముఖం అడిగి తెచ్చుకోవాలి. ఒక్కో మెట్టుకు ఒక్కో ముఖం, దానికో హక్కుదారు. ఆ ఇంటికెళ్లి, "మీ ముఖం నాకిస్తారా?" అనాలి. వాళ్లు "ఇచ్చాం" అన్నాకే ఉలి పట్టాలి.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడొచ్చి రాజుగారి మాట పట్టుకుపోయాడు. రాజు నోరు తెరిస్తే వట్టి గాలే. మాట తెస్తానని పెద్దకొడుకు వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, రాలేదు. మిగిలింది చిన్నవాడు మణికేతు. మూడో మెట్టెక్కనివాడు పెద్ద పడవ ముట్టకూడదు. ఇతను ఎక్కింది రెండే.

మూడో మెట్టు ముఖం, చనిపోయిన బొల్లయ్యది. బొమ్మలు చెక్కి బతికినవాడు. ఇప్పుడు అడగాలంటే కూతురు సంపెంగిని అడగాలి.

"రాజకొడుకుని, దాని గుమ్మంలో నిలబడాలా?" అనుకున్నాడు మణికేతు. బొల్లయ్య పాత బొమ్మను చూసి చూసి, చాటుగా అచ్చం దింపేశాడు.

మద్దెల మోగింది. బొమ్మ మీది చాప తీశారు. ఒక ముసలమ్మ పకపకా నవ్వింది.

"ఓసోసి, మన బొల్లయ్య లేచొచ్చాడర్రా! ముక్కు కూడా ఎడమకే వంకర!"

పాత బొమ్మలో బొల్లయ్య ఉలి జారి వంకరపోయిన ముక్కది. మణికేతు ఆ జారుడు కూడా జాగ్రత్తగా చెక్కాడు!

అందరూ నవ్వారు. సంపెంగి నవ్వలేదు.

"అడిగితే ఇచ్చేదాన్నిగా, చిన్నదొరా," అంది.

అంతే. బొమ్మ మెడ కిర్రుమని వంగిపోయింది. తిట్టినా బాగుండేది. ఎక్కిన రెండు మెట్లూ దిగిపోయి, ఇసకలో దూరిపోతే చాలనిపించింది మణికేతుకి.

పెద్ద పడవకు అర్హత లేదు. చేపల తెప్ప ఒకటి బతిమాలి తీసుకున్నాడు. బలికి తెచ్చిన పంది వెనకే వచ్చింది.

"బాబుగారూ, మీ పరువు పోయింది గాని నా ప్రాణం నిలిచింది. నేనూ వస్తా."

"నువ్వెందుకే?"

"ఇక్కడుంటే రేపు ఇంకెవరో మెట్టెక్కుతారు!"

సముద్రం దాటితే సిగ్గు తగ్గుతుందనుకున్నాడు. ఒకటి దాటాడు, తగ్గలేదు. ఏడూ దాటాడు. చెవులు ఇంకా మండుతూనే ఉన్నాయి.

మాంత్రికుడి దీవి నిండా కొయ్యబొమ్మలే. రెండింటికి అన్నల ముఖాలు! కొమ్మ మీద ఒక చిలక. పంది ముట్టె ఎత్తి వాసన చూసింది.

"కరాళుడి ప్రాణం ఇందులోనే ఉంది బాబూ."

చిలక అడిగింది: "నీ బొమ్మకు ముఖం ఎవరిచ్చారు? 'మాకొకరిచ్చేదేమిటి' అన్నారు మీ అన్నలు. ఆ బొంకుకే కొయ్యయ్యారు."

మణికేతు అన్నల బొమ్మల వైపు చూశాడు. చిలక మళ్లీ అడిగింది.

"బొల్ల..." అన్నాడో లేదో, కాలివేళ్లు కొయ్యబారాయి.

మూడోసారి అడిగింది. మణికేతు తల వంచేశాడు.

"ఎవరూ ఇవ్వలేదు. దొంగిలించాను. అడగడానికి నామోషీ అయింది."

వేళ్లు మెత్తబడ్డాయి. చిలక దిగొచ్చి అతని చేతిలో వాలింది. కరాళుడు పరిగెత్తుకొచ్చాడు.

"నా చిలక ఇచ్చెయ్!"

"మా నాన్న మాట నీకెవరిచ్చారు?"

"మీ నాన్నే ఇచ్చా..." అంటూనే నోరు తెరుచుకుని కొయ్యయిపోయాడు. చిలక ముక్కులోంచి రాజుగారి మాట జారిపడింది. అన్నలు కళ్లు నులుముకుంటూ లేచారు.

దీవి చేరాక రాజుగారి మాటను అన్నల చేతికిచ్చి కోటకు పంపాడు మణికేతు. తను మాత్రం పోలేదు. సంపెంగి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ నాన్నగారి ముఖం నాకిస్తారా?"

సంపెంగి చాలాసేపు అతన్ని అలాగే నిలబెట్టింది.

"ఇచ్చాను. ముక్కు మాత్రం తిన్నగా చెక్కండి."

అతను చెక్కాడు. పక్కన కూర్చుని ఆమె సరిచేసింది. మెట్టు ఎక్కాడు, ఆమెనే పెళ్లాడాడు. బలి బదులు కందగడ్డల రాశి పోశారు. పంది ముందు వరసలో కూర్చుని తింది.

తండ్రి తరవాత మణికేతే రాజయ్యాడు, ఇద్దరూ చాలా ఏళ్లు ఏలారు. తలవంచిన బొమ్మను మణికేతు తీయనివ్వలేదు. వానలకు అదే చివికిపోయింది. గడ్డి మొలిచాక కూడా ఆ చోటికి రాగానే రాజు తల దానంతటదే వంగేది.

"తాత ఎందుకలా వంగుతాడు?" అని మనవలడిగితే, "మా నాన్నకు దండం పెడుతున్నాడర్రా," అనేది సంపెంగి.