కొండ వెనక్కి దిగని సూర్యుడు

చాటింపు సన్యాసికి అన్యాయం జరిగింది విరోధి నామ సంవత్సరం, కార్తీక మాసంలో. ఇనపకొండ పక్కన, గజపాలదేవుడనే రాజు ఏలే ఒకానొక రాజ్యంలో.

సన్యాసి చేసిన నేరం, నిజాన్ని డప్పు కొట్టి చెప్పడం. "ఇనపకొండని మంత్రి కేశవరాయుడి బావమరుదులు తవ్వి పొరుగుదేశానికి అమ్ముకుంటున్నారహో. మన చేలమీద ఎర్రదుమ్ము, వాళ్ల మేడలమీద కొత్త పెంకులహో" అని సంతలో చాటాడు. డప్పు చించారు. మనిషిని కొట్లో వేశారు. కొండ కింది రైతులిచ్చిన అర్జీలు మంత్రిగారి వంటింట్లో పొయ్యి రాజేశాయి.

ఊరంతా ఆ చాటింపు విన్నది. విని తలుపులు వేసుకుంది. ఆ మాట దాచి ఈ కథ చెప్పడం నాకు చేతకాదు.

మాఘంలో తీర్పు వచ్చింది: అబద్ధం చాటినందుకు రేపు నాలుక కోత. ఆ సాయంత్రమే సన్యాసి భార్య పైడితల్లి సభకి వచ్చింది.

రాజుగారు ఆకలిమీద ఉన్నాడు. ఆ వంశంలో ఒక కట్టుబాటు ఉంది. సూర్యుడు పడమట ఇనపకొండ వెనక్కి దిగి, నగారా మోగితేగాని రాజు విస్తరి ముందు కూర్చోకూడదు. ఈమధ్య నగారా ఆలస్యమవుతోంది. ఆ పాపానికి అప్పటికే ఇద్దరు గడియలవాళ్ల కొలువు ఊడింది. కొండకేసి చూడాలని మాత్రం ఆయనకి తోచలేదు. రాజులు కిందివాళ్లనే చూస్తారు, తల ఎత్తితే కిరీటం జారుతుంది.

"నీ మొగుడి సంగతైతే వెళ్లు," అన్నాడు రాజు. "మూడు నెలలుగా చల్లారిన గుత్తివంకాయ తింటున్నాం. ఎవరి మాటా వినే ఓపిక లేదు."

"మా ఆయన కోసం రాలేదు దొరా. తమరి కూర చల్లారుస్తున్న దొంగని పట్టిద్దామని వచ్చాను."

రాజు సర్దుకుని కూర్చున్నాడు. "ఎవడు వాడు?"

"చెబుతాను. ముందు మంత్రిగారు ఒక్క మాట చెప్పాలి. కొండ తరిగిందా బాబూ?"

"గోరంత తరగలేదు," అన్నాడు కేశవరాయుడు మీసం సవరించుకుంటూ. "తరిగిందన్నందుకే గదా నీ మొగుడికి శిక్ష."

"అయితే దొంగ సూర్యుడే దొరా. కొండ ఎక్కడిదక్కడే ఉంటే, దిగే వేళకి దిగకుండా పైన ఏం చేస్తున్నట్టు? కట్టి తెప్పించండి. కొట్లో మా ఆయన పక్కన చోటుంది."

రాజు గడియలు కొలిచే లింగన్నని పిలిచాడు. "ఎంత ఆలస్యంరా?"

లింగన్న చేతులు కట్టుకుని చెప్పాడు. "పోయినేడు మాఘంతో పోలిస్తే ఒక గడియ, ప్రభూ. నీటిగిన్నెతో కొలిచాను."

"అబద్ధం ప్రభూ," మంత్రి దిగ్గున లేచాడు. "అరగడియకి మించదు. మావాళ్లు అంత తవ్వనేలేదు."

సభలో ఎవరో దగ్గారు. రాజు మంత్రికేసి చూశాడు. కిటికీలోంచి కొండకేసి చూశాడు. తర్వాత పొట్ట అదిరేలా నవ్వాడు.

"గట్టిదానివే," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఏం కావాలో కోరుకో."

"మా ఆయన్ని వదలండి. తవ్వకం ఆపించండి. ఆ ఆజ్ఞ ఆయన నోటే చాటించండి."

రాజు మూడింటికీ ఒప్పుకుని, పైన ఒక బంగారు కడియం ఇచ్చాడు. పైడితల్లి పుచ్చుకుంది. పంతానికి వదిలేద్దామంటే ఇంట్లో బియ్యం లేవు.

సన్యాసి బయటికొచ్చాడు. మూడు నెలల తేమకి గొంతు పోయింది. కొత్త డప్పు ఆయన కొట్టాడు, మాట ఆమె చెప్పింది. జనం వీధుల్లోకొచ్చి విన్నారు. కొందరు తలలు వంచుకున్నారు.

మంత్రిని రాజు మందలించాడు, పదవి తీయలేదు. ఆజ్ఞమీద ముద్ర వేయాల్సింది ఆ మంత్రి కచేరీయే. ముందు లక్క లేదన్నారు, తర్వాత ముహూర్తం లేదన్నారు. అందాకా తవ్వకం సాగింది. రాజుగారు మాత్రం విందుల్లో ఈ కథ చెప్పి నవ్విస్తూనే ఉన్నాడు.

ఆజ్ఞ చాటింది మాఘ శుద్ధ ఏకాదశి నాడు. ఇనపరాయి మోసే ఆఖరి బండి కొండ దిగింది వికృతి నామ సంవత్సరం, వైశాఖ బహుళ అష్టమి, శనివారం.